రాతి చేతుల్లో వాద్యాలు

లేపాక్షి గుడికి వచ్చినవాళ్లు ముందుగా చేసే పని, వేలాడే స్తంభం కింద తువ్వాలో చున్నీయో దూర్చి అవతలి పక్కకు లాగడం. పక్కనున్నవాళ్ల చేత ఫోన్‌లో వీడియో తీయించుకోవడం. 70 స్తంభాలున్నాయంటారు అక్కడ, క్యూ మాత్రం ఆ ఒక్కదానికే. అదే మండపంలో కాస్త లోపలికి నడిస్తే బ్రహ్మ మద్దెల వాయిస్తుంటాడు. తుంబురుడు వీణ పట్టుకుని ఉంటాడు. నంది హుడుక్క మీద దరువు వేస్తుంటాడు. వాళ్ల మధ్య రంభ ఆడుతుంటుంది. కచేరీ నిండు మేళంతో నడుస్తుంటే వచ్చిన జనమంతా ఒక స్తంభం అడుగున గుడ్డ లాగుతుంటారు.

నేను అనంతపురంలో పిల్లలకు వీణ నేర్పుతాను. లేపాక్షికి బంధువుల పెళ్లిళ్లకనీ, స్కూలు టూర్లకనీ, బెంగుళూరు చుట్టాలు వచ్చినారనీ చిన్నప్పటి నుంచీ పోతూనే ఉన్నాను. నలుగురితో పోతే గుడి చూడటం అయ్యే పని కాదు. బండి దిగింది మొదలు నీళ్ల సీసాలు, చెప్పుల కాపలా, బసవన్న ముందు గ్రూపు ఫోటో, భోజనం ఎక్కడ చేద్దామని పంచాయితీ. అందుకే ఈమధ్య ఒక్కదాన్నే పోయాను. వాద్యాలు తప్ప ఇంకేమీ చూడకూడదని పోయాను. ఆ బుద్ధి పుట్టింది మాత్రం లేపాక్షిలో కాదు, వియన్నాలో.

మా అబ్బాయి అక్కడ ఉద్యోగం చేసే రోజుల్లో కొన్నాళ్లు ఉండి వద్దామని వెళ్లాను. పగలంతా వాడు ఆఫీసులో. "అమ్మా, ఒక్కదానివే తిరగగలవా?" అన్నాడు. కదిరి తేరు జనంలో ఇద్దరు పిల్లల్ని చెరో చంకన వేసుకుని తిరిగినదాన్ని, ఈ ఊరొక లెక్కా అన్నాను. వాడు మెట్రో టికెట్టు, ఒక మ్యాపు చేతిలో పెట్టాడు. నేను చిత్రాన్నం డబ్బా సంచిలో వేసుకున్నాను.

వియన్నా ఆస్ట్రియా దేశానికి రాజధాని. హైడన్, మొజార్ట్, బీథోవెన్, షూబర్ట్, బ్రామ్స్, వీళ్లంతా ఆ ఊళ్లో బతికినవాళ్లే. మన బొంబాయి పార్సీ జుబిన్ మెహతా 1950ల్లో వాద్యబృందాన్ని నడిపే విద్య నేర్చుకున్నదీ అక్కడే. పెద్ద చర్చి వెనక సందులో, డోమ్‌గాసె 5వ నంబరు ఇంట్లో మొజార్ట్ 1784 నుంచి 1787 దాకా అద్దెకున్నాడు. 'ఫిగరో పెళ్లి' ఒపెరా రాసింది ఆ ఇంట్లో ఉన్నప్పుడే. వియన్నాలో ఆయన మారిన ఇళ్లు చాలా ఉన్నా, నిలబడి ఉన్నది ఇదొక్కటే. దాన్ని మ్యూజియం చేశారు. ఆయన కూర్చున్న కుర్చీ, తాగిన కప్పు చూద్దామని వెళ్తే నిరాశే. కిటికీలోంచి ఆయన చూసిన సందు మాత్రం కనబడుతుంది. నాకది చాలనిపించింది.

అక్కడి నుంచి 'హౌస్ డెర్ మ్యూజిక్', అంటే సంగీతపు ఇల్లు. 2000 సంవత్సరంలో తెరిచారు. మెట్ల మీద అడుగు పెడితే ఒక్కో మెట్టుకు ఒక్కో స్వరం పలుకుతుంది. పిల్లలు దిగి మళ్లీ ఎక్కుతూనే ఉంటారు, పెద్దలూ అంతే, కాకపోతే ఎవరూ చూడనప్పుడు. పైన ఒక గదిలో తెర మీద వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం సిద్ధంగా కూర్చుని ఉంటుంది. మన చేతికి చిన్న కర్ర ఇస్తారు. దాన్ని ఆడించే వేగాన్ని బట్టి తెర మీద వాళ్లు వాయిస్తారు. చెయ్యి తడబడితే వాయిద్యం ఆపేసి మనల్ని మందలిస్తారు! నా ముందున్న కుర్రవాడు ఆ మందలింపు కోసమే కావాలని తాళం తప్పిస్తున్నాడు. 1842లో ఆ బృందాన్ని స్థాపించిన ఒట్టో నికొలాయ్ కాపురమున్న భవనమే అది.

ఇదంతా సరదా. నన్ను పట్టి నిలబెట్టింది మాత్రం నోయె బుర్గ్ రాజభవనంలోని పాత వాద్యాల మ్యూజియం. గది తర్వాత గది. 16వ శతాబ్దపు పిల్లనగ్రోవులు, ల్యూట్లు, కమానుతో వాయించే వయోల్‌లు. క్లారా షూమన్ వాయించి, తర్వాత బ్రామ్స్‌కిచ్చిన పియానో కూడా ఉంది. ప్రతిదాని పక్కనా ఒక చీటీ: ఎవరు చేశారు, ఎప్పుడు, ఏ కర్ర, ఎన్ని తీగలు. ఒక ల్యూట్ ముందు నిలబడి మెడ మీద కట్టిన మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎంతసేపున్నానో, కాపలా ఆవిడ వచ్చి ఏమైనా కావాలా అని అడిగింది.

ఆ సేకరణలో ఒక ముఖ్యమైన భాగం ఆర్చ్‌డ్యూక్ ఫెర్డినాండ్ అనే రాజవంశీకుడు అంబ్రాస్ కోటలో కూడబెట్టింది. ఆయన పుట్టింది 1529లో. ఆ ఏడాదే ఆటోమన్ సుల్తాను సులేమాన్ సైన్యం వియన్నాను ముట్టడించి వెనుదిరిగింది. ఆ ఏడాదే ఇక్కడ కృష్ణదేవరాయలు పోయి, తమ్ముడు అచ్యుతదేవరాయలు విజయనగరం గద్దెనెక్కాడు. ఆయన కాలంలోనే కదా మన లేపాక్షి గుడి లేచింది! ఫెర్డినాండ్ కాలపు వాద్యాలు అద్దాల వెనక పదిలంగా ఉన్నాయి. అచ్యుతరాయల కాలపు వీణ ఏదీ? నేనైతే ఎక్కడా చూడలేదు. మన వాద్యాలు కర్ర, తోలు, సొరకాయ బుర్ర. ఒకదాన్ని పురుగు తింటుంది, ఒకదాన్ని ఎలుక కొరుకుతుంది, మూడోది ఎండకు పగులుతుంది. పైగా మనకు వాయించినన్నాళ్లే అది వాద్యం, చెడిపోతే అటక మీదికి. అటక మీద నాలుగు వందల ఏళ్లు ఏది నిలుస్తుంది? నిలిచింది రాతిలో చెక్కినది. మెట్రో ఎక్కి ఇంటికి వచ్చేటప్పుడే అనుకున్నాను, ఊరికి పోగానే లేపాక్షి సరిగ్గా చూడాలని.

అనంతపురంలో హిందూపురం బస్సెక్కాను. రాప్తాడు, చెన్నేకొత్తపల్లి దాటాక ఎడాపెడా రాతి గుట్టలు, మధ్యలో వేరుశనగ చేలు. ఆగస్టు నెల, ఊడలు దిగే సమయం, ఆకు మధ్యాహ్నం కాకముందే ముడుచుకుంటోంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే సీమ ఇది. తక్కువ వానలో జైసల్మేరు తర్వాత మాదే అని మావాళ్లు చెప్పుకుంటారు, గర్వంగా చెప్తారో బాధగా చెప్తారో తెలియదు. పెనుకొండ కొండ కనబడుతుంది. లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు ఈ పెనుకొండ సీమలో విజయనగర రాజుల అధికారులు. 1565 యుద్ధం తర్వాత రాజధానే ఇక్కడికి వచ్చింది. ఇంత తక్కువ వాన సీమలో అంత పెద్ద గుడి ఎట్లా లేచిందని అడిగేవాళ్లకు జవాబు సగం ఇదే. రాజ్యం నడిచే దారి ఇది, డబ్బు ఇటే పోయేది. ఖజానా డబ్బు గుడికి పెట్టాడని రాజు ఆగ్రహిస్తే విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడని కథ. ఆ గోడ మీద ఎర్రటి మరకలు ఇప్పటికీ చూపిస్తారు.

హిందూపురంలో ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిని ఆటో మాట్లాడుకున్నాను. లేపాక్షి 15 కిలోమీటర్లు. ఆటో అతను అద్దంలోంచి చూసి, "ఏమ్మా, ఒక్కరే వచ్చినారా? ఇంట్లోవాళ్లు రాలేదా?" అన్నాడు.

"లేదు నాయనా, నేనే."

"మొక్కుబడా?"

"వీణ చూడాలని వచ్చినా."

"వీణ యాడుందమ్మా ఆడ? బసవన్న ఉండాడు, ఏలాడే స్తంభం ఉండాది. వీణ నేను చూడలే."

అతని తప్పేమీ లేదు. ఊళ్లోకి పోతూనే కనిపించే బసవన్న దాదాపు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, ఏకశిల. మెడలో గంటలు, దండలు, ఒంటి మీద గుడ్డ మడత దాకా చెక్కారు. ఆ బసవన్న మీద అడివి బాపిరాజు పాట కట్టాడు. అంతటి బసవన్నను చూశాక స్తంభం మీద మనిషంత ఎత్తు బొమ్మ చేతిలో ఏముందో ఎవరికి పడుతుంది?

గుడి ఒక గట్టి రాతి గుట్ట మీద ఉంది, తాబేలు వీపులా ఉంటుందని కూర్మశైలం అంటారు. నాట్యమండపం లోపల నడిమి భాగం చుట్టూ స్తంభాలు, పైన విచ్చుకున్న పెద్ద రాతి తామర. పొద్దుటి వెలుతురు పక్కల నుంచి లోపలికి వస్తుంది. ఆ ఏటవాలు వెలుతురులోనే బొమ్మల వేళ్లు విడివిడిగా కనిపిస్తాయి. ఎండ నెత్తి మీదికొచ్చాక లోపలంతా ఒకే బూడిద రంగు. ఈ సంగతి నాకు ఇన్నేళ్లలో తెలియలేదు, ఎప్పుడూ చుట్టాలతో మధ్యాహ్నం వేళే వెళ్లాను మరి.

అక్కడ సభ తీరు ఇలా ఉంటుంది. ఆడేది రంభ. ఆమెకు నాట్యం చెప్పే గురువు భృంగి. అతనికి మూడు కాళ్లు. శివుడికి తప్ప పార్వతికి మొక్కనన్నాడట భృంగి, ఆమె కోపించి ఒంట్లో సత్తువ లాగేసింది, నిలబడలేని భక్తుడికి శివుడు మూడో కాలిచ్చాడు. నాట్యాచార్యుడికి మూడు కాళ్లుండటం శిల్పికి ఎంత సరదా పని అయ్యుంటుందో ఆ బొమ్మ చూస్తే తెలుస్తుంది. నటరాజు సరే సరి. లయ బ్రహ్మది, నందిది. స్వరం తుంబురుడిది. అంటే ఇది ఏదో అలంకారానికి అక్కడొకటి ఇక్కడొకటి చెక్కిన బొమ్మల వరస కాదు. నాట్యం, దానికి తగిన వాద్యగోష్ఠి, ఎవరి చోటు వాళ్లకు పెట్టి చెక్కిన సభ. స్తంభాల మధ్య ఖాళీయే రంగస్థలం. మనం ఆ ఖాళీలో నిలబడి ఉంటాం.

తుంబురుడి దగ్గరే ఎక్కువసేపు ఉన్నాను. ఒళ్లో పెట్టుకుని కాదు, నిలబడే వాయిస్తున్నాడు. మా ఇంట్లో ఉన్నది బొబ్బిలి వీణ, ఒకే పనస మొద్దులో తొలిచింది. దాన్ని పట్టుకుని అలా నిలబడితే అయిదు నిమిషాల్లో భుజం పట్టేస్తుంది. మరి ఆ వాద్యం తేలికదై ఉండాలి, పొడుగాటి దండికి బుర్రలు కట్టిన పాత రకం వీణ. స్తంభం మీద బొమ్మ గనక అందరినీ నిలబెట్టే చెక్కాడు, కూర్చోబెట్టే చోటెక్కడిది అని మీరనొచ్చు. అదీ నిజమే. కానీ చేతిలో ఉన్న వస్తువు బరువు శిల్పికి తెలియకుండా ఉండదు. గ్రానైటు మొండి రాయి. హళేబీడు శిల్పులకు దొరికిన మెత్తటి రాయిలో నగల మీద ముత్యాలు కూడా విడిగా చెక్కొచ్చు, ఇక్కడ తీగలు చెక్కడం కుదిరే పని కాదు. కాబట్టి వాద్యం సంగతి చెప్పాల్సింది చేతులే. ఎడమ చెయ్యి ఎక్కడ నొక్కుతోంది, కుడి వేళ్లు ఎక్కడ మీటుతున్నాయి అన్నది చూడాలి.

ఇక్కడ కొంచెం పుస్తకం సంగతి చెప్పాలి. ఇప్పటి వీణకు 24 మెట్లు. పన్నెండు స్వరస్థానాలు, రెండు స్థాయిలు. మైనంలో పాతుకుని కదలకుండా ఉంటాయి గనక ఏ రాగమైనా ఆ మెట్ల మీదే వాయిస్తాం. ఈ ఏర్పాటు మొదటి నుంచీ లేదు. ఒక రాగానికి సరిపోయేట్టు మెట్లు పెట్టుకోవడం, రాగం మారితే మెట్లు సర్దుకోవడం ఉండేది. అన్ని రాగాలూ పలికే వీణ, ఒక్క రాగానికే అమర్చిన వీణ అని రెండు రకాలుగా విడదీసి, ఏ మెట్టు ఎక్కడ రావాలో రాసిపెట్టినవాడు రామామాత్యుడు. విజయనగరంలో అళియ రామరాయల ఆదరణలో 1550లో ఆయన రాసిన 'స్వరమేళకళానిధి'లో ఒక ప్రకరణం పూర్తిగా వీణదే. అందులో చెప్పిన ఒక వీణ పేరు అచ్యుతరాజేంద్ర మేళవీణ. ఎవరి పేరో వేరే చెప్పక్కర్లేదు. ఏ రాజు కాలంలో లేపాక్షి తుంబురుడు రాతిలో నిలబడ్డాడో ఆ రాజు పేరే. ఆ తర్వాత 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుడి దగ్గర ఇప్పటి 24 మెట్ల వీణ కుదురుకుంది.

అంటే మనకు ఆ కాలపు వీణ లేదు. దాని కొలతలు సంస్కృత గ్రంథంలో ఉన్నాయి, దాన్ని పట్టుకునే తీరు అనంతపురం సీమ రాతిలో ఉంది. రెండూ రెండు మూలల పడి ఉన్నాయి. వియన్నాలో అయితే ఈ రెంటినీ ఒకే గదిలో పెట్టి, పక్కన ఆ కొలతలతో కొత్తగా చేసిన వీణ ఒకటి పెట్టి, చెవికి పెట్టుకోను ఒక మైకు కూడా ఇచ్చేవాళ్లు.

నంది చేతిలోని హుడుక్క సంగతి వేరు. అది ఇంకా బతికే ఉంది, వేషం మార్చుకుని. నడుము సన్నగా, రెండు పక్కలా తోలు ఉండే వాద్యాల కుటుంబం అది. ఆ నడుము దగ్గర తాళ్లు బిగించి వదిలితే శ్రుతి పైకీ కిందికీ జారుతుంది. మైలారలింగడి భక్తులైన గొరవయ్యలను మా వైపు చూడనివాళ్లుండరు. నల్ల గొంగడి, నెత్తిన ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, ఒక చేత డమరుకం, ఒక చేత పిల్లనగ్రోవి. అదీ ఆ కుటుంబమే. ఇక మా అనంతపురం జిల్లా సొత్తు ఉరుములు. ఒక పక్క తోలును పుల్లతో కొడతారు, రెండో పక్క వంపు కర్రతో రాస్తారు. రాసినప్పుడు వచ్చే మోత నిజంగానే దూరాన ఉరిమినట్టు ఉంటుంది. జాతరల్లో దళిత కళాకారులు వాయిస్తారు, వాయించేవాళ్లు ఏటేటా తగ్గుతున్నారు. ఈ వాన లేని సీమలో ఉరుము పేరుతో వాద్యం ఉండటం గురించి ఎవరైనా నాలుగు మాటలు రాయాలి. నాకు చేతకాదు.

గుడి లోపల దేవుడి చేతిలో పెట్టి మొక్కే వాద్యానికీ, గుడి బయట జాతరలో మోగే వాద్యానికీ చుట్టరికం ఉందని మాకు సంగీతం నేర్పేటప్పుడు ఎవరూ చెప్పలేదు. నేనూ నా పిల్లలకు చెప్పలేదు. చెప్పే వసతి ఉండాలి కదా, రెంటినీ పక్కపక్కన పెట్టి చూపే చోటు. ఆచార్య జయధీర్ తిరుమలరావు ఏళ్ల తరబడి తిరిగి కూడబెట్టిన జానపద, గిరిజన వాద్యాలను 'మూలధ్వని' పేరుతో హైదరాబాదులో ప్రదర్శించారు. ఒక మనిషి పట్టుదలతో అంత అయింది. ఒక జిల్లా తలుచుకుంటే?

తల పైకెత్తితే మండపం కప్పంతా బొమ్మలు. సున్నపు గచ్చు మీద ఎరుపు, పసుపు, నలుపు, ఆకుపచ్చ. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, మనునీతి చోళుడి కథ, మర్రాకు మీద కృష్ణుడు. విరూపణ్ణ, వీరణ్ణలు పొడుగాటి కుళ్లాయిలు పెట్టుకుని నిలబడ్డారు. లోపలి కప్పు మీద వీరభద్రుడి బొమ్మ 20 అడుగులకు పైనే, చాలా భాగం రాలిపోయింది. ఈ బొమ్మల్లో ఆడవాళ్లు కట్టిన చీరలు మాత్రం చూసి తీరాలి. గీతలు, గళ్లు, పువ్వులు, ఒకరి చీర ఇంకొకరికి లేదు. బయట లతామండపం స్తంభాల మీద కూడా అంతే, ఒక్కో స్తంభానిది ఒక్కో అల్లిక. ధర్మవరం నేతగాళ్లు ఈ కప్పుల మీంచి, ఈ స్తంభాల మీంచి అంచులు ఎత్తుకున్నారు. మా పక్కింటి కోడలి పెళ్లి చీర కొంగులో ఆ తీగె ఉంది.

నేతగాళ్లు చూశారు కాబట్టి లేపాక్షి అంచు బతికింది. సంగీతం వాళ్లం చూడలేదు. ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు రాదు.

మధ్యాహ్నానికి జనం పెరిగారు. బెంగుళూరు నుంచి వచ్చిన కుటుంబం ఒకటి స్తంభాలను వేలి కణుపులతో కొట్టి చూస్తోంది, మోగుతాయేమోనని. హంపీ విఠల గుడిలో మోగే స్తంభాల కథ విని ఉంటారు. అక్కడ కూడా ఇప్పుడు కొట్టనివ్వరు. "ఇవి మోగవు మేడమ్" అన్నాడు గైడు. వాళ్ల పాప అయిదో తరగతి ఉంటుంది, కీబోర్డు నేర్చుకుంటోందట. పిలిచి తుంబురుడి ముందు నిలబెట్టి, "అమ్మీ, ఈయన ఏ చేత్తో మీటుతున్నాడో చెప్పు" అన్నాను. అది తన చేతులు అలాగే పెట్టి చూసుకుని, అటూ ఇటూ తిరిగి, గట్టిగా చెప్పింది. తర్వాత బ్రహ్మ దగ్గరికి పరిగెత్తింది, నంది దగ్గరికి పరిగెత్తింది. వాళ్లమ్మ "లేటవుతుంది, రా" అని పిలుస్తున్నా రాలేదు. మ్యూజియం పని ఇదే అనిపించింది నాకు. వియన్నాలో తెర మీది వాద్యబృందం చేసే పనిని ఇక్కడ ఒక్క ప్రశ్న చేసింది, కరెంటు కూడా అక్కర్లేకుండా.

ఈ గుడినీ బసవన్ననూ 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. అసలు జాబితాలోకి ఎప్పుడు పోతుందో పోనీ. ఈలోగా అయ్యే పనులు రెండున్నాయి. నాట్యమండపంలో ఎవరు ఏ వాద్యం పట్టుకున్నారో తెలుగులో చెప్పే చిన్న బోర్డు ఒకటి, స్తంభానికి మేకు కొట్టకుండా, నేల మీద నిలబెట్టేది. గుడి బయట ఊళ్లో ఎక్కడైనా ఒక గది, అందులో రామామాత్యుడి కొలతలతో చేయించిన వీణ, ఒక మద్దెల, ఒక హుడుక్క, గొరవయ్య డమరుకం, ఉరుము. నెలకొక ఆదివారం వాటిని వాయించే మనిషి ఒకరు. వాయించేవాళ్లు మా జిల్లాలోనే ఉన్నారు, పిలిచి పైకమిస్తే వస్తారు.

వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి. మధ్యాహ్నం ఉత్తకాళ్లతో ఆ రాతి నేల మీద నిలవలేరు, వెలుతురూ ఉండదు. బొమ్మలను తాకొద్దు, ఇప్పటికే చేతులు తగిలి కొన్నిచోట్ల రాయి నున్నబడింది. ఇంట్లో వాద్యం నేర్చుకునే పిల్లలుంటే వాళ్లను తప్పకుండా తీసుకుపోండి, వాళ్లు అడిగినంతసేపు అక్కడ నిలబడనివ్వండి.